కామయ్య తరఫున పలికిన మాట

అనగనగా ఒక అడవి. అడవంటే పులులూ ఏనుగులూ తిరిగే అడవి కాదర్రా. గోదావరి వెళ్ళి సముద్రంలో కలిసేచోట, ఉప్పునీళ్ళలో కాళ్ళు పెట్టుకుని నిలబడే మడ అడవి. అక్కడ నేల తక్కువ, బురద ఎక్కువ. దారులు తక్కువ, కాలువలు ఎక్కువ. అందుకని అక్కడి జంతువులకి పడవలుండేవి. కొంగకి కూడా ఉండేది. రెక్కలున్నదానికి పడవెందుకని అడక్కండి. పట్టిన చేపలన్నీ ఇంటికి చేర్చాలంటే ఒక్క ముక్కు ఏం సరిపోతుంది?

ఆ అడవిలో నూకరాజు అనే నీటికుక్క ఉండేవాడు. మంచివాడు, పనిమంతుడు. నూకరాజు అబద్ధమాడడు అని ఊరంతా చెప్పుకునేది. ఆ మంచిపేరే ఈ కథలో కొంప ముంచింది, వినండి.

నూకరాజు పక్క కాలువలో కామయ్య అనే బావురుపిల్లి ఉండేవాడు. ఇద్దరూ బావా అంటే బావా అని పిలుచుకునేవాళ్ళు. పిల్లికీ నీటికుక్కకీ వరసలేమిటని నవ్వుతున్నారా? ఒకే నీళ్ళలో వలలు వేసుకునేవాళ్ళకి వరసలు వాటంతటవే కలుస్తాయి. కామయ్య భార్య పోలమ్మ నూకరాజుని అన్నయ్యా అనేది. ఆమె పొయ్యి మీద చేపల పులుసు కాగిందంటే, ఒక గిన్నెడు నూకరాజు ఇంటికి రాకుండా ఉండేది కాదు.

తుఫాను వస్తోందంటే ఆ అడవిలో ఒక పద్ధతి ఉంది. ఆడవాళ్ళూ పిల్లలూ ఎత్తుగా ఉన్న ఇసుకదిబ్బ మీదికి వెళ్ళిపోతారు. పడవలవాళ్ళు మాత్రం వెళ్ళరు. ఒక్కొక్కరు ఒక్కో సన్న కాలువలోకి పడవని తోసుకెళ్ళి, నాలుగు వైపులా మడచెట్లకి తాళ్ళు కట్టి, అందులోనే కూర్చుంటారు. నీళ్ళు పెరిగితే తాళ్ళు వదలాలి. తగ్గితే బిగించాలి. వదలకపోతే పడవ మునుగుతుంది, బిగించకపోతే కొట్టుకుపోతుంది. పడవ పోతే తిండి పోయినట్టే. అందుకని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని అలా కూర్చునేవాళ్ళు.

తుఫాను వెలిశాక ఇంకో పద్ధతి. నీళ్ళు సముద్రంలోకి లాగేసి బురద బయటపడే వేళని ఆటు అంటారు. మళ్ళీ నీళ్ళు ఎక్కి వచ్చే వేళని పోటు అంటారు. తుఫాను వెలిసిన మొదటి ఆటుకి పడవలవాళ్ళందరూ రేవుకి రావాలి. గవరయ్య తాత అనే ముసలి తాబేలు అక్కడ కూర్చుని ఒక్కో పేరూ మూడేసి సార్లు పిలుస్తాడు. బతికున్నవాడు "ఉన్నాను" అని తన నోటితో తానే పలకాలి. మూడోసారికి కూడా పలక్కపోతే, మిగతావాళ్ళందరూ తమ పనులు ఎక్కడివక్కడ వదిలేసి, పోటు వచ్చేలోగా వాడి కాలువ వెతకాలి. ఇందులో ఒకే ఒక్క వెసులుబాటు. పడవ వదిలి రాలేనివాడి తరఫున, వాణ్ణి కళ్ళారా చూసినవాడు "ఉన్నాడు" అని పలకవచ్చు.

ఆ ఏడు కార్తీకంలో పెద్ద తుఫాను పట్టుకుంది. రెండు రోజులు చెట్టుకీ ఆకాశానికీ తేడా తెలియలేదు. నూకరాజు తాళ్ళు వదులుతూ, బిగిస్తూ, తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకుంటూ కూర్చున్నాడు. మూడోరోజు తెల్లవారేసరికి గాలి పలచబడింది. నూకరాజు బతికాడు, పడవా దక్కింది. అయితే కొట్టుకొచ్చిన మాను ఒకటి గుద్దడంతో దాని అడుగున జానెడు పొడవున చీలిక పడింది.

ఆటు ఉన్నంతసేపూ పడవ బురద మీద ఉంటుంది. ఆ లోపలే చీలికలో పీచు కుక్కి, గుగ్గిలం కాచి పూసుకోవాలి. పోటు వచ్చిందంటే నీళ్ళు లోపలికి ఎక్కి పడవ మునిగిపోతుంది. ఆ పడవని నూకరాజు మూడేళ్ళు కష్టపడి తన చేతులతో కట్టుకున్నాడు. దాన్ని తలుచుకుంటే అతనికి కాళ్ళు రేవు వైపు పడడం లేదు.

అయినా బయల్దేరాడు. దారిలో కామయ్య కాలువ వైపు నుంచి చప్పుడు వినపడింది. టక్, టక్, టక్. కాసేపు ఆగి మళ్ళీ టక్, టక్, టక్. బావ అప్పుడే పడవకి మేకులు కొట్టుకుంటున్నాడు, ఎంత తొందరో అనుకున్నాడు నూకరాజు. బావా అని ఒక కేక వేశాడు. జవాబు రాలేదు. గాలి ఇంకా హోరుమంటూనే ఉంది కదా, వినపడలేదేమో అనుకున్నాడు. అక్కడికి వెళ్ళి చూడాలంటే నడుంలోతు బురదలో చాలా దూరం నడవాలి. ఎలాగూ రేవులో కలుస్తాడు కదా అని ముందుకి సాగిపోయాడు. ఇంతవరకూ అతని తప్పేమీ లేదర్రా.

రేవులో అందరూ తడిసి ముద్దయి నిలబడ్డారు. గవరయ్య తాత పిలుపు మొదలుపెట్టాడు. కొంగ తెల్లయ్య విరిగిన రెక్క వేలాడేసుకుని ఉన్నానన్నాడు. నక్క సింగయ్యకి గొంతు పోయింది, చెయ్యెత్తి చూపించాడు. అడవిపంది దానయ్యకి పడవ పోయి తెడ్డు మిగిలింది. ఆ తెడ్డుని కావలించుకుని, ఉన్నాను తాతా అని ఏడ్చేశాడు. ఎవరికి వాళ్ళ కష్టం వాళ్ళది. ఎవరూ ఎవరినీ ఓదార్చే స్థితిలో లేరు.

తాత కామయ్య పేరు పిలిచాడు. ఎవరూ పలకలేదు. రెండోసారి పిలిచాడు. అందరూ వెనక్కి తిరిగి దారి వంక చూశారు. దారిలో ఎవరూ లేరు.

నూకరాజు లోపల్లోపల లెక్క వేసుకున్నాడు. మూడోసారి పిలిచాక కూడా పలక్కపోతే అందరూ కామయ్య కాలువకి వెళ్ళాలి. అంత బురదలో వెళ్ళి వచ్చేసరికి పోటు వస్తుంది. తన పడవ మునుగుతుంది. తీరా వెళ్తే బావ మేకులు కొట్టుకుంటూ, ఏమిటర్రా ఇంతమంది వచ్చారని నవ్వుతాడు. చప్పుడు విన్నాను కదా, చచ్చినవాడు మేకులు కొడతాడా, విన్నా ఒకటే చూసినా ఒకటే అని తనకి తానే సర్దిచెప్పుకున్నాడు.

"ఉన్నాడు తాతా," అన్నాడు.

తాబేలు డిప్పలోంచి మెడ చాచి అతని వంక చూశాడు. "నువ్వు చూశావా?"

"పడవకి మేకులు కొట్టుకుంటున్నాడు తాతా."

"నేనడిగింది అది కాదురా. కళ్ళారా చూశావా అని."

"చూశాను," అన్నాడు నూకరాజు.

ఇంకొకరైతే తాత మరో రెండు ప్రశ్నలు వేసేవాడే. అక్కడున్నది నూకరాజు కదా, సరేనన్నాడు. అందరూ ఎవరి పడవల దగ్గరికి వాళ్ళు వెళ్ళిపోయారు.

నూకరాజు పరుగున వచ్చి పని మొదలుపెట్టాడు. చీలికలో పీచు కుక్కుతుంటే అటువైపు నుంచి ఆ చప్పుడు వస్తూనే ఉంది. అయితే పొద్దుటంత గట్టిగా లేదు. టక్, టక్, టక్. చాలాసేపు ఏమీ ఉండదు. మళ్ళీ టక్, టక్, టక్. పాపం అలిసిపోయినట్టున్నాడు, నా పని అయ్యాక వెళ్ళి సాయం చేస్తాను అనుకున్నాడు. మనకి అక్కర్లేని నిజం చెవిలో దూరినా బుర్రలోకి దిగదు. అందులో నూకరాజుకీ మనకీ తేడా లేదు.

మధ్యాహ్నానికి ఇసుకదిబ్బ మీంచి పోలమ్మ వచ్చింది. చంకలో చిన్నపిల్ల, వెనక ఇద్దరు పిల్లలు. మొగుడి కోసం బయల్దేరిన మనిషి, అన్నయ్య కనపడితే ఆగింది.

"అన్నయ్యా, ఆయన రేవుకి రాలేదట. నువ్వు చూశానన్నావని తెల్లయ్య చెప్పాడు. బాగానే ఉన్నాడా?"

ఇప్పుడైనా నిజం చెప్పవచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ రేవులో పదిమంది ముందు చూశానన్నవాడు ఇక్కడ చూడలేదంటే, పేరు ఏం కావాలి?

"బాగానే ఉన్నాడు చెల్లెమ్మా," అన్నాడు, తలెత్తకుండా. "పడవ బాగుచేసుకుంటున్నాడు."

పోలమ్మ హమ్మయ్య అంది. రెండు రోజుల తరవాత ఆమె మొహంలో కళ కనపడింది.

"నేనే వెళ్ళి చూద్దామని వచ్చాను. ఈ పిల్లల్నేసుకుని ఆ బురదలో ఎలాగా అనుకుంటున్నాను. నువ్వు చూశావంటే ఇంక నాకు బెంగ లేదు. ఇంటికెళ్ళి పొయ్యి వెలిగిస్తాను. ఇద్దరూ కలిసి రండి, పులుసు పెట్టి ఉంచుతాను."

ఆమె అక్కడ నిలబడినంతసేపూ అటువైపు నుంచి ఒక్క చప్పుడు కూడా రాలేదు. ఆమె వెళ్ళిపోయాక వచ్చింది. ఈసారి రెండే దెబ్బలు.

నూకరాజు చెయ్యి ఆగిపోయింది. వెళ్దామని లేచాడు. కానీ గుగ్గిలం అప్పుడే కాగి ఉంది. చల్లారితే గడ్డకట్టి పనికిరాదు. ఇదొక్కటీ పూసి వెళ్దాం అనుకున్నాడు. పూశాడు. పూసి ఆరబెట్టాడు. ఆరిందా లేదా అని ఇంకోసారి తడిమి చూశాడు. అంతలో కాలువలోకి పోటు రానే వచ్చింది.

పడవ తేలింది. ఒక్క చుక్క కూడా లోపలికి రాలేదు. నూకరాజు ఆ పడవలోనే కామయ్య కాలువలోకి వెళ్ళాడు. వంపు తిరిగేసరికి కామయ్య పడవ కనపడింది. బోర్లా పడి ఉంది. దాని వీపు మీంచి నీళ్ళు పారుతున్నాయి.

దూకాడు. మునిగి పడవ కిందికి దూరాడు. కామయ్య అక్కడే ఉన్నాడు. తుఫాను చివర నీళ్ళు లాగేస్తున్నప్పుడు పడవ బోర్లాపడి, దాని అంచు కింద వెనక కాలు ఇరుక్కుని, బురదలో దిగబడిపోయింది. ఆటు ఉన్నంతసేపూ పడవ కింద గాలి ఉంది. పోటు వచ్చి ఆ గాలిని తీసేసింది. చేతిలో విరిగిన తెడ్డు ముక్క ఇంకా అలాగే ఉంది. దాంతోనే పొద్దుటి నుంచీ పడవ చెక్కని లోపలి నుంచి కొడుతున్నాడు. అవి మేకుల చప్పుళ్ళు కావు.

కామయ్య ఒళ్ళు ఇంకా చల్లబడలేదు.

నూకరాజు అరిచాడు, అందరూ వచ్చారు. పదిమంది ఒక్క పట్టు పట్టేసరికి పడవ లేచింది. అంతే, ఒక్క పట్టు. పొద్దున ఆటులో అయితే నలుగురు సరిపోయేవాళ్ళు.

అయితే అతన్ని ఎవరూ ఒక్క మాట అనలేదర్రా. పొద్దున బాగానే ఉన్నాడట, పోటు వచ్చేవేళ పడవ తిరగబడినట్టుంది, తుఫాను వదిలినా రాత వదల్లేదు అని అందరూ అనుకున్నారు. జరిగింది తెలిసినవాడు ఒక్క నూకరాజే. అతను నోరు విప్పకపోతే ఎప్పటికీ ఎవరికీ తెలియదు. కళ్ళు మూస్తే చెవిలో టక్ టక్ మని అదే చప్పుడు.

కామయ్య పోయిన మూడోరోజు అందరూ కలిసి పోలమ్మని పరామర్శించడానికి వెళ్ళారు. నూకరాజు ఆఖరున, గుమ్మం పక్కన కూర్చున్నాడు. పోలమ్మ ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయి ఉంది. అతన్ని చూసి పిల్లల్ని దగ్గరికి లాక్కుంది.

"అన్నయ్యా, నువ్వొక్కసారి వీళ్ళకి చెప్పు. తుఫాను వెలిశాక మీ నాన్న ఎండ మొహం చూశాడర్రా, ఆ రెండు రోజుల భయంలో పోలేదు అంటే వీళ్ళు నమ్మట్లేదు. నాకు మిగిలిన ఊరట అదొక్కటే. ఆఖరుసారి చూసింది నువ్వే కదా. ఎలా ఉన్నాడో చెప్పు."

నూకరాజు నోరు తెరిచాడు. నవ్వుతూ ఉన్నాడని చెప్పవచ్చు. పాట పాడుకుంటున్నాడని చెప్పవచ్చు. ఏం చెప్పినా నమ్ముతారు. ముగ్గురు పిల్లలూ కళ్ళు పెద్దవి చేసుకుని అతని నోటి వంకే చూస్తున్నారు. అతనికి ఇంక చేతకాలేదు.

"నేను చూడలేదు చెల్లెమ్మా," అన్నాడు.

ఆ రోజు పొద్దున చప్పుడు వినడం, రేవులో తొందరపడి చూశానని చెప్పడం, తన పడవ చీలిక, అన్నీ చెప్పేశాడు. ఏడవలేదు. ఏడ్చే హక్కు తనకి లేదనుకున్నాడు.

గవరయ్య తాత మెడ లోపలికి లాక్కున్నాడు. లోపలి నుంచే, ఇందులో సగం పాపం నాది, పేరు చూసి నమ్మాను అన్నాడు. ఇవాళ్టి నుంచీ రేవులో ఎవరి తరఫునా ఎవరూ పలకొద్దు, పలక్కపోతే వెళ్ళి చూడడమే అన్నాడు.

పోలమ్మ ఒక్కటే అడిగింది. "నేను నీ దగ్గరికి వచ్చినప్పుడు, బతికే ఉన్నాడా?"

"ఉన్నాడు," అన్నాడు నూకరాజు. ఈసారి అది నిజం.

పోలమ్మ తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. పిల్లల్ని ఒక్కొక్కరినీ లేపి లోపలి గదిలోకి పంపించింది. తరవాత గుమ్మం దగ్గరికి వచ్చి తలుపు మీద చెయ్యి వేసింది.

"ఇంక వెళ్ళు, నూకరాజూ," అంది.

కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆమె అతన్ని పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి.

నీతి: కళ్ళారా చూడనిదాన్ని చూశానని ఎన్నడూ చెప్పకూడదు. మన మాట నమ్మి పదిమంది వెతకడం మానేస్తారు.