పోలయ్య గంట దారి

అనగనగా ఒక ఊరు అందామంటే ఊరు కాదే బుజ్జీ, ఊరూరూ తిరిగే గొర్రెల మంద. కాళ్ళు ఆడించకుండా విను. ఆ మందకి కాపరి పోలయ్య, ఆయన పెళ్ళాం సాలమ్మ.

వానలింకా పడలేదు. వాళ్ళున్న వైపు గడ్డి అయిపోయింది. తల్లుల దగ్గర పాలు లేక పిల్లలు ఒకటే అరుపు. పచ్చిగడ్డంతా పెద్దకాలువ అవతల ఉంది. కాలువ ఎండిపోయే ఉంది కానీ, ఆ రోజు మిట్టమధ్యాహ్నానికి నీళ్ళొచ్చేస్తాయని కాలువ చూసే లస్కరు చెప్పాడు. నీళ్ళొస్తే ఇక నెలల తరబడి దాటలేరు.

మందని కదిలించే ముందు కాపర్లలో ఒకరు వెళ్ళి దారి చూసొస్తారు. పోలయ్య ముందురోజే వెళ్ళొచ్చాడు. గంట దారేగా అని పొద్దెక్కేదాకా తీరిగ్గా అంబలి తాగుతూ కూర్చున్నాడా మహానుభావుడు. సాలమ్మకి మాత్రం ఒకచోట కాలు నిలవలేదు. మధ్యాహ్నానికి ఇంకో రెండు గంటలుందనగా, వెళ్ళొచ్చింది ఒక్కడివేనా, మందతోనా అని అడిగింది. దారి దారే కదా, మందని చూసి సాగుతుందా అన్నాడు.

"దారి సాగదయ్యా, పొద్దు సాగుద్ది. నువ్వు మూడు చేలు దాటేసరికి మంద ఒక్క చేను దాటుద్ది. నీ గంట దానికి మూడు గంటలు. మనకున్నయ్యి రెండే."

పోలయ్య అంబలి వదిలేసి లేచాడు. మూడు గంటల దారి రెండు గంటల్లో పోవాలంటే, మంద రెండడుగులు వేసే చోట మూడు వేయాలి. ఆ లెక్క గొర్రెలకెవరు చెబుతారే?

అప్పుడు పోలయ్య కేకలేశాడు. గొర్రెలు చెదిరిపోయాయి. ఆ తర్వాత కర్ర తీసుకుని తరిమాడు. ముద్దగా చేరి గుండ్రంగా తిరిగాయి.

అప్పుడు సాలమ్మ, ముందు నడిచే పెద్ద గొర్రెకి ఆ తెల్లారే పుట్టిన పిల్లని గొంగట్లో వేసుకుని, పెద్ద పెద్ద అంగలేసుకుంటూ బయల్దేరింది. పిల్ల 'మే' అన్నప్పుడల్లా తల్లి ఉరికింది. తల్లి వెనకాల మందంతా ఉరికింది. రెండుకి మూడు, రెండుకి మూడు అనుకుంటూ సాలమ్మ ఒక్కసారి కూడా ఆగలేదు. పిల్ల జారుతుందేమో, నీళ్ళొచ్చేస్తాయేమో అని ప్రాణం అరచేతిలో పెట్టుకుని నడిచింది.

మంద కాలువలో దిగేసరికి ఎగువన హోరు వినిపించింది. ఒక్కొక్కటీ అవతలి గట్టెక్కింది. ఆఖర్న వచ్చిన పోలయ్య కాళ్ళు మాత్రం తడిశాయి. సాలమ్మ పిల్లని తల్లి దగ్గర వదిలి, అక్కడే కూలబడి ఏడ్చింది.

ఆ తర్వాత ఫలానా ఊరు ఎంతసేపు నడకని ఎవరడిగినా, పోలయ్య ముందు "ఎవరి కాళ్ళతో?" అనేవాడట.

మంద చేరె గట్టుకి,
కథ చేరె కంచికి,
ఆడే నీ కాళ్ళిక దుప్పట్లోకి.