డప్పులు లేని దారి

ఏ రాజు కాలమో గుర్తులేదు గానీ, ఆ రాజ్యంలో ఓ మంచి ఆనవాయితీ ఉండేది. ఐదేళ్లకోసారి ఒక అధికారి అడవికి వచ్చి, పులులు ఇంకా ఉన్నాయో లేదో తేల్చేవాడు. ఉన్నంతకాలం అడవిమీద గొడ్డలి పడకూడదు.

ఆ ఏడు భైరవయ్య అనే అధికారి వచ్చాడు. అధికారులు మేళం లేకుండా కదలరు కదా, పెళ్లికైనా తద్దినానికైనా అదే తీరు. ముందు డప్పులు, వెనక బూరలు. అడవంతా అలాగే తిరిగాడు. ఒక్క పులీ కనబడలేదు.

"పులులు అంతరించాయి. రేపటి నుంచి చెట్లు కొట్టిస్తాం," అని గూడెంలో ప్రకటించి, రాజముద్ర బయటికి తీశాడు.

అడవి పోతే గూడెంవాళ్లకు నిలువ నీడ లేదు. అందరూ బిక్కచచ్చిపోయారు. తేనె తీసే ఈదన్న మాత్రం చేతులు జోడించాడు.

"పీడ వదిలింది దొరా! మేళగాళ్లను ఇక్కడే ఉంచి, తమరు ఒక్కరే కొండదారిన దిగి వెళ్లండి. రాజుగారికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?"

"ఒక్కణ్ణేనా?"

"లేని పులికి భయమెందుకు దొరా?"

భైరవయ్య దారివైపు చూశాడు. పొద్దు వాలుతోంది. డప్పులు ఆగిన అడవిని అతను వినడం అదే మొదలు. కీచురాళ్లు కూడా అరవడం లేదు. చెట్ల వెనక ఎవరో ఊపిరి బిగబట్టి వింటున్నట్టుంది.

"ఉన్నాయి, ఉన్నాయి! ఉన్నట్టే రాస్తాను," అంటూ ముద్ర సంచిలో పడేసి, డప్పులు మోగించుకుంటూ వెళ్లిపోయాడు.

కొండ అంచుదాకా సాగనంపి, ఈదన్న నవ్వుకుంటూ వెనుదిరిగాడు. నిజానికి అతనూ పులిని చూసి ఏళ్లయింది. డప్పుల మోత వినబడకుండా పోయాక, వెనక ఎండుటాకులు మెత్తగా నలిగాయి. అతను ఆగాడు.

ఆ చప్పుడూ ఆగింది.