ముందు నడిచిన సుంకమ్మ

అనగనగా, మీ తాతకు తాత ఇంకా ఉయ్యాల్లో కూడా పడని కాలంలో, ఎర్రనేల మీద ఒక ఊరు ఉండేది. ఊఁ కొట్టండి మరి. మీరు ఊఁ కొట్టకపోతే నాకు నిద్రొస్తుంది, కథ దాని దారిన అది వెళ్ళిపోతుంది.

ఆ ఊళ్ళో సుంకమ్మ అని ఒకావిడ. చిన్నప్పుడు జ్వరమొచ్చి ఎడమకాలు చచ్చుబడింది. ఒక అడుగు వేసేది. ఆగేది. కాలు ఈడ్చుకునేది. మళ్ళీ ఒక అడుగు వేసేది. చీపురుగడ్డి కోసుకొచ్చి పొరకలు కట్టడం ఆమె పని. ఊళ్ళో ఏ వాకిలి ఊడ్చినా ఆమె కట్టిన పొరకతోనే. అయినా పొరక అరిగిపోయినప్పుడు తప్ప సుంకమ్మ ఎవరికీ గుర్తొచ్చేది కాదు. లోకం అట్లాంటిది, ఏం చేస్తాం. మొగుడు ఏనాడో పోయాడు. ఉన్నది ఒక్కగానొక్క కూతురు గంగులు. ఆ పిల్లకు నెలలు నిండుతున్నాయి. బిడ్డ కాన్పు వేళకు తను పక్కన ఉండాలి, సుంకమ్మకు ఈ లోకంలో ఉన్న ఆశంతా అదే.

మొదటి ఏడు వాన రాలేదు. గాదెల్లో గింజలుంటే తిన్నారు. రెండో ఏడు వాన రాలేదు. గడ్డలు తవ్వుకొని తిన్నారు. మూడో ఏడు కూడా వాన రాలేదు. బావిలోకి చేద వదిలితే రాయికి తగిలి ఠంగుమంది. ఆ చప్పుడు ఊరంతా విన్నారు.

ఊరిపెద్ద కోనప్ప. చెడ్డమనిషేం కాదు, తొందర మనిషి, అంతే. పొద్దు పొడిచే దిక్కున ఒక ఏరుందని వాళ్ళ తాత చెప్పేవాడట. పొట్ట చేత పట్టుకొని అటే పోదామన్నాడు. బలమైనవాళ్ళు పశువులను తోలుకుంటూ ముందు నడవాలి. ఆడవాళ్ళు, పిల్లలు నడుమ. ముసలీ ముతకా వెనక. వెనకబడినవాళ్ళు ముందువాళ్ళ అడుగుజాడలు పట్టుకొని వచ్చేయాలి. వినడానికి బాగానే ఉంది కదా? అందరూ సరేనన్నారు. దుమ్ములో అడుగుజాడ ఎంతసేపు నిలుస్తుందని మాత్రం ఒక్కరూ అడగలేదు.

తలుపులకు గొళ్ళాలు పెట్టారు. గడపలకు దండం పెట్టారు. ఊరు ఊరంతా లేచి నడిచింది.

మొదటి రోజు సుంకమ్మ మజిలీ చేరేసరికి పొయ్యిల మీద గంజి ఉడుకుతోంది. గంగులు ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది. రెండో రోజు చేరేసరికి అందరూ తిని పడుకున్నారు. పొయ్యిల్లో బూడిద ఇంకా వెచ్చగా ఉంది. సుంకమ్మ ఆ బూడిద మీద చేతులు పెట్టుకొని కూర్చుంది. రోజురోజుకూ తనకూ బిడ్డకూ మధ్య దారి పెరిగిపోతోందని ఆమెకు అప్పుడు అర్థమైంది.

తెల్లారగానే కోనప్ప దగ్గరికి పోయి నిలబడింది.

"తమ్ముడా, నన్ను ముందర నడవనీ. అందరికంటే నిదానంగా నడిచేది నేనే. నేను ముందరుంటే ఎవరూ ఎనకబడరు."

కోనప్ప ఆమె కాలు చూశాడు, ఆకాశం చూశాడు. "నువ్వు ముందర నడిస్తే మనం ఏరు చేరేదెప్పుడక్కా? గంగులు కడుపులో బిడ్డకు మనవళ్ళు పుట్టినాకనా?"

అందరూ పక్కున నవ్వారు. గంగులు కూడా, పాపం, నవ్వు ఆపుకోలేకపోయింది. సుంకమ్మకు తల కొట్టేసినట్టయింది. పోయి వరసలో అందరికంటే వెనక నిలబడింది.

మూడో రోజు ఎండ చూడాలి, ఆకాశం తెల్లగా కాగిపోయింది. ముందువాళ్ళు కనుచూపు మేర దాటిపోయారు. సుంకమ్మ నడుస్తూనే కల కనడం మొదలుపెట్టింది. దూరాన ఎండమావిలో తన ఊరు కనబడింది. ఇళ్ళూ, గడ్డివాములూ, పందిళ్ళూ మోకాళ్ళలోతు నీళ్ళలో తలకిందులుగా నడిచి పోతున్నాయి. ఆగమని పిలిచింది. ఆగలేదు. దారి పక్కన చచ్చిపోయిన వాళ్ళమ్మ కూర్చొని పొరక కడుతోంది.

"ఇంకా ఎంత దూరమే అమ్మా?" అని సుంకమ్మ అడిగింది.

"నువ్వు నడిచినంతే" అంది వాళ్ళమ్మ, తల ఎత్తకుండానే.

ఒక అడుగు వేసింది. ఆగింది. కాలు ఈడ్చుకుంది. పొద్దు వాలుతుండగా మజిలీ చేరింది. పొయ్యిలో చెయ్యి పెట్టింది. బూడిద చల్లగా ఉంది. ముందువాళ్ళు అక్కడ పొద్దెక్కేసరికే ఇంత గంజి కాచుకొని, ఆగకుండా వెళ్ళిపోయారు.

ఆ చల్లారిన పొయ్యిల నడుమ ముగ్గురు ముసలివాళ్ళు కూర్చొని ఉన్నారు. వాళ్ళ పక్కన నేలకు చెవి ఆనించి పడుకొని ఉంది గంగులు.

"పొద్దుట్నించి నొప్పులమ్మా" అంది. "ఆయన పశువులతో ముందరుండాడు, ఆయనకు తెలీదు. నాకు బయం కాలేదులే. నీ కాలు ఈడ్చే సప్పుడు నేలలోంచి ఇనపడతానే ఉండాది."

సుంకమ్మ కూతురి తల ఒళ్ళోకి తీసుకొని ఏడ్చింది. వెనకబడ్డందుకు మూడు రోజులుగా తన్ను తాను తిట్టుకుంటోంది కదా, ఆ పూట తన కుంటికాలికి దండం పెట్టుకుంది. ముందున్నవాళ్ళలో ఒక్కరు కూడా వెనక్కి రాలేదు. వెనకున్న మనిషే వేళకు అందింది. పొద్దు గుంకేలోగా గంగులుకు ఆడపిల్ల పుట్టింది.

నీళ్ళు కావాలి. పక్కన ఒక చిన్న వాగు, ఎండిన వంక ఉంది. చీపురుగడ్డి కోసిన చేతులు కదా, ఏ మొదలు పచ్చగా ఉంటే కింద తడి ఉంటుందో సుంకమ్మకు తెలుసు. ఇసకలో మోచెయ్యి లోతు తవ్వితే చెలమ ఊరింది. బిడ్డకు నీళ్ళు పోశారు. ముసలివాళ్ళు దోసిళ్ళతో తాగారు. వాళ్ళు అప్పటికి ఆ మజిలీలోనే ఆగారు.

ఇక్కడ వీళ్ళిట్లా ఉంటే, అక్కడ కోనప్ప సంగతి వినండి. ఆ రోజు పగలంతా నడిచి, పొద్దు గుంకేవేళకు అతను ఏరు చేరాడు. నిండు ఏరు. ఒడ్డు మీద నిలబడి, ఊరందరికీ చూపిద్దామని చెయ్యి ఎత్తి వెనక్కి తిరిగాడు. వెనక తొమ్మండుగురు మగవాళ్ళు, కొన్ని పశువులు. అంతే. ఊరు లేదు.

ఒకడు వాళ్ళమ్మ కోసం చూశాడు. ఒకడు పిల్లల కోసం చూశాడు. గంగులు మొగుడు పెళ్ళాం కోసం చూశాడు. మనవాళ్ళు వెనక వస్తూనే ఉన్నారులే అని ప్రతివాడూ అనుకున్నాడు. అట్లా అనుకుంటూనే అంత దూరం వచ్చేశారు. పశువులు నీళ్ళలోకి దిగి తాగాయి. మనుషులెవరూ నీళ్ళు ముట్టలేదు. కోనప్ప ఒడ్డున కూలబడి, "ఏరు దొరికింది, ఊరు పోగొట్టినాను" అని తల బాదుకున్నాడు.

తోలుతిత్తుల్లో నీళ్ళు నింపుకొని వెనక్కి బయలుదేరారు. దారి పొడుగునా మనవాళ్ళే. ఒక తుప్ప కింద ముగ్గురు, ఒక బండ నీడన అయిదుగురు, ఒక గుంతలో పిల్లల తల్లి. ఒక్కొక్కరికీ నీళ్ళు తాపి, వెంటబెట్టుకొని, చివరికి చల్లారిన పొయ్యిల దగ్గరికి వచ్చారు. గంగులు మొగుడు బిడ్డను ఎత్తుకున్నాడు. కోనప్ప తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అక్కా, ఇంక నువ్వు ముందర నడువు. మేమంతా నీ ఎనక వస్తాం."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

సుంకమ్మ ముందు నడిచింది. ఒక అడుగు వేసేది. ఆగేది. కాలు ఈడ్చుకునేది. ఆమె వెనక ఊరంతా ఒక అడుగు వేసేది, ఆగేది. ఎద్దులు కూడా అట్లానే నడిచాయి. ఎవరూ ఆమెను దాటలేదు. అంత నిదానంగా నడుస్తుంటే దారి ఊగే ఉయ్యాల మాదిరి ఉందట. పిల్లలు నడుస్తూనే నిద్రపోయారు. నిద్రలో కూడా ఎవరూ తప్పిపోలేదు.

అక్కడి నుంచి కోనప్పవాళ్ళు ఒక్క పగట్లో నడిచిన దారి ఆమెకు మూడు పగళ్ళు పట్టింది. మొదటి సాయంత్రం ఆమె ఒకచోట కూర్చుంది. ఊరంతా అక్కడే ఆగింది. ఆమె చూపినచోట తవ్వితే చెలమ ఊరింది. ఇంక నడవలేని ముసలివాళ్ళు, వాళ్ళను చూసుకునేవాళ్ళు అక్కడే ఉండిపోయారు. రెండో సాయంత్రం ఇంకోచోట కూర్చుంది. ఊరంతా అక్కడే ఆగింది. చెలమ ఊరింది. గిట్టలు అరిగిన పశువులున్నవాళ్ళు అక్కడ నిలిచిపోయారు. మూడో సాయంత్రం, ఇంకో అరకోసు నడిస్తే ఏరనగా, ఆమె ఒక దిబ్బ మీద కూర్చుంది.

గంగులు బిడ్డను తెచ్చి ఒళ్ళో పెట్టింది. సుంకమ్మ కళ్ళు మూసుకొని తల పక్కకు వంచింది.

"ఏటి సప్పుడు ఇనపడతాంది బిడ్డా. రవ్వంతసేపు కూసుంటా. లేసినాక పోదాం."

అందరూ కూర్చున్నారు. చీకటి పడింది. ఆమె లేవలేదు. తెల్లారింది. లేవలేదు. గంగులు ముట్టుకొని చూసి బిడ్డను తీసుకుంది. ఆ మధ్యాహ్నం మూడేళ్ళ తరవాత మొదటి వాన పడింది. ఏరు కంటికి కనబడుతూనే ఉంది. ఒక్క మనిషి కూడా లేచి అటు పోలేదు. పోదామని కోనప్పను ఎవరో అడిగితే, అక్క ముందర పోవాలి కదరా అన్నాడట. ఆ దిబ్బ మీదే ఆమెను పూడ్చారు. దాని చుట్టూ గుడిసెలు వేసుకున్నారు.

ఆ మూడు మజిలీలూ మూడు ఊళ్ళయ్యాయి. తొలిమజిలీ, నడిమజిలీ, కడమజిలీ. కాళ్ళున్నవాడు మూడింటినీ ఒక్క పగట్లో చుట్టేస్తాడు. ఊళ్ళు ఇంత దగ్గర దగ్గరగా కట్టుకున్నారేమని కొత్తవాళ్ళు అడుగుతారు. మా సుంకమ్మవ్వ రోజు నడక అంతే అని చెబుతారు.

ఇప్పటికీ ఆ ఊళ్ళవాళ్ళు పంట పోయి కూలికి వలస పోతే, వాళ్ళలో నిదానంగా నడిచే మనిషిని ముందు పెడతారు. ఎవరూ ఆ మనిషిని దాటరు.

కడమజిలీ ఆడవాళ్ళు మాత్రం ఈనాటికీ అరకోసు నడిచి ఏటి నీళ్ళు మోసుకొస్తారు. ఏటి ఒడ్డున అంత చదును నేల ఉంటే ఊరు ఇంత దూరాన ఎందుకుందమ్మా అని మీరెప్పుడైనా అడిగి చూడండి. కడవ దించి, మొహం తుడుచుకొని, ఆ దిబ్బ వైపు చూపిస్తారు.

"మా అవ్వ ఇంకా లేయలేదు నాయనా. లేసినాక పోతాం."