సన్నెమ్మ కవ్వం తాడు

అనగనగా అంటే మరీ అంత అనగనగా కాదు. రాజులు పోయారు, కరెంటు స్తంభాలు ఇంకా రాలేదు. ఆ నడిమి కాలంలో జరిగిన ముచ్చట ఇది.

గెడ్డవలస ఘాటీ అని ఒక కొండదారి ఉంది. ఎక్కడం ఒక ఎత్తు, దిగడం ఒక ఎత్తు. ఆ ఘాటీ నెత్తిన, రోడ్డు వంపు తిరిగే చోట సన్నెమ్మ గుడిసె. ఆమెకు ఒక గేదె, ఒక కుండ, ఒక కవ్వం. పొద్దున్నే చిలికేది, వచ్చేపోయేవాళ్లకు మజ్జిగ పోసేది. అంతే ఆమె బతుకు.

కొండ కింది ఊళ్లో దాలయ్య అనే డ్రైవరు ఉండేవాడు. ఆ చుట్టుపక్కల అద్దెకు తిరిగే కారు అతనిదొక్కటే. దాలయ్యకు అమ్మవారంటే భక్తి. కారంటే ఇంకాస్త భక్తి.

ఒకనాడు అతని కారులో ఒక పెళ్లికొడుకూ, వాళ్లమ్మా బయల్దేరారు. చుట్టాలంతా ముందే బస్సులో వెళ్లిపోయారు. పెళ్లి ఘాటీకి అవతల. ముహూర్తం తొలికోడి కూతకు. పెళ్లికొడుకు ఎక్కే బండి కదా అని దాలయ్య కారుకు పూజ చేశాడు. చక్రాలకు బొట్టు పెట్టాడు. స్టీరింగుకు బొట్టు పెట్టాడు. దాని వెనక డాష్‌బోర్డులో చిన్న ఎర్ర దీపం ఉంటే, దానికీ గంధం మెత్తి ఇంత బొట్టు పెట్టాడు. ఆ దీపానికున్న పని ఒకటే. బ్యాటరీకి కరెంటు అందకపోతే వెలిగి, "ఒరే, చూసుకో" అని చెప్పడం. చెప్పే నోటికే బొట్టు పెట్టి మూసేశాడు మహానుభావుడు. భక్తి ముదిరితే ఇదే గోల.

ఘాటీ ఎక్కుతుంటే ఇంజనులో బెల్టు సడలింది. ఎర్ర దీపం వెలిగింది. ఎవరికి కనబడుతుంది? హారను గొంతు బొంగురుపోయింది. "కొండగాలి కదా," అన్నాడు దాలయ్య. లైట్లు వేస్తే మిణుకుమిణుకుమన్నాయి. "ఇంకా పొద్దుంది కదా," అన్నాడు. సరిగ్గా సన్నెమ్మ గుడిసె ముందుకొచ్చి కారు ఒక దగ్గు దగ్గి ఆగిపోయింది.

బానెట్ ఎత్తి చూస్తే బెల్టు పీలికలై వేలాడుతోంది. బెల్టు తిరగకపోతే డైనమో తిరగదు. డైనమో తిరగకపోతే బ్యాటరీ నిండదు. బ్యాటరీ నిండకపోతే లైట్లుండవు. లైట్లు లేకుండా ఆ ఘాటీ దిగడమంటే లోయలోకి దిగడమే. ఇంకో బెల్టు లేకపోలేదు. దాలయ్య ఇంట్లో మేకుకు భద్రంగా ఉంది.

"నా కొడుకు పెళ్లి ఆగిపోతాదిరా దాలయ్యా!" అని పెళ్లికొడుకు తల్లి తల పట్టుకుంది.

పెళ్లికొడుకు పట్టు కండువా తీసిచ్చాడు. దాన్ని మెలేసి కట్టి, హ్యాండిల్ తిప్పారు. తిరిగింది, తిరిగింది, చిరిగింది. సామాను కట్టిన తాడు విప్పి ముడేశారు. తిరిగింది, తిరిగింది, ముడి దగ్గర ఎగిరి పడిపోయింది. కొండ మీద పొద్దు వాలిపోతోంది.

సన్నెమ్మ గుమ్మంలోంచి చూస్తూ ఉంది.

"ఏటి బాబూ, దేన్ని తిప్పాల?"

"ఈ చక్రం తిరిగితే ఆ చక్రం తిరగాలమ్మా."

"కవ్వం లాగేనా?"

"కవ్వం లాగే."

ఆమె లోపలికెళ్లి కవ్వం తాడు విప్పుకొచ్చింది. వెన్న జిడ్డు పోయేదాకా బూడిదతో తోమింది. "ముడేస్తే ఎగురుతాది బాబూ. కవ్వానికైనా అంతే," అంటూ తాడు కొసలు విప్పి, పురిలోకి పురి దూర్చి పేనడం మొదలుపెట్టింది.

"మరి రేపు దేంతో చిలుకుతావమ్మా?" అంది పెళ్లికొడుకు తల్లి.

సన్నెమ్మ పేనడం ఆపలేదు. "నా పెళ్లినాడు వానకి గెడ్డ పొంగిపోనాది. పెళ్లికొడుకు అవతలే ఉండిపోనాడు. ముహూర్తం దాటిపోనాది. పెళ్లికూతురు గుంట జాతకం మంచిది కాదన్నారు. మరెవులూ రాలేదు. తెల్లార్లూ పందిట్లో కూకున్నానమ్మా. మీ కోడలు గుంట కూడా ఇప్పుడు కాళ్లకి పసుపు రాసుకుని కూకుని ఉంటాది. దానికా గతి పట్టనీకండి."

దాలయ్య ఆ తాడును చక్రాల మీదికి ఎక్కించాడు. డైనమోను కర్రతో ఒత్తిపట్టి, తాడు బిగువు చూసి బోల్టు బిగించాడు. ఆ కాసేపు ఊరికే ఉన్నందుకు బ్యాటరీకి చిటికెడు ప్రాణం వచ్చినట్టుంది. హ్యాండిల్ కొట్టగానే ఇంజను అందుకుంది. తిరిగింది, తిరిగింది, తిరుగుతూనే ఉంది.

సన్నెమ్మ కారులోకి తొంగి చూసింది. "ఈ బొట్టు ఎనకాల ఎర్రగా ఏటో మండతంది బాబూ," అని కొంగుతో తుడిచింది. దాలయ్య నాలుక కరుచుకున్నాడు. ఇంజను వేగం పెంచాడు. ఎర్ర దీపం మసకబారి ఆరిపోయింది.

"అయ్యో, దీపం కొండెక్కిపోనాది!"

"ఈ ఒక్క దీపం కొండెక్కితేనే మంచిదమ్మా!" అన్నాడు దాలయ్య. ఎన్నాళ్లకో నవ్వినట్టు నవ్వాడు.

ఆమె ముగ్గురికీ మజ్జిగ పోసి, తాగాకే పోనిచ్చింది.

చీకటి పడింది. లైట్లు వెలిగాయి. ఘాటీ దిగి, కోడి కూయకముందే కారు పందిరి ముందు ఆగింది. బానెట్ ఎత్తి చూస్తే తాడులో ఒక్క పురే మిగిలింది. దాలయ్య ముట్టుకోగానే అదీ తెగింది.

పెళ్లయ్యాక కొత్త జంట తిరిగొస్తూ ఆ వంపులో ఆగింది. సన్నెమ్మ చీర అంచు చింపి, కవ్వానికి చుట్టి చిలుకుతోంది. పెళ్లికూతురు కొత్త తాడు ఆమె చేతిలో పెట్టి కాళ్లకు మొక్కింది. "నేను పందిట్లో కూకుండిపోలేదు పెద్దమ్మా." సన్నెమ్మ ఆ పిల్లను ఎగాదిగా చూసింది. పసుపు కాళ్లు చూసింది. తన పెళ్లినాడు కూడా ఏడవని మనిషి, ఆ పూట కడుపారా ఏడ్చింది. ఏడుస్తూనే మజ్జిగ పోసింది.

సన్నెమ్మ పోయింది. గుడిసె పోయింది. ఆ వంపు మాత్రం సన్నెమ్మ వంపే. ఆ పక్క డ్రైవర్లు బండి పూజలో అన్నిటికీ బొట్టు పెడతారు, ఎర్ర దీపాన్ని మాత్రం గుడ్డతో తుడిచి వదిలేస్తారు. పెళ్లికొడుకు ఎక్కిన బండి ఏదైనా ఆ వంపులో ఆగాల్సిందే. వెంట తెచ్చుకున్న మజ్జిగ తాగుతారు. ముందు బంపరుకు కవ్వం తాడు చుడతారు, ముడేయరు, పురిలో పురి కలుపుతారు.

బండి పందిరి ముందుకు రాగానే ఆడపెళ్లివారు పెళ్లికొడుకు మొహం తర్వాత చూస్తారు, బంపరు ముందు చూస్తారు. తాడు కనబడిందా, ఎవరో ఒకరు లోపలికి పరుగెత్తి పెళ్లికూతురితో చెబుతారు:

"లెగమ్మా. సన్నెమ్మ పంపీసింది."