దొర చేలో పెంటికలు

చేలో రాత్రిళ్లు గొర్రెల మంద కడితే, ఆ పెంటికల ఎరువుకి కోతలయ్యాక కాపరికి బస్తా జొన్నలివ్వడం ఆ ఊరి ఆనవాయితీ. కాపరి బీరయ్య, వెంకటాద్రి దొర చేలో సగం మేర మంద కట్టాడో లేదో, దొర ముక్కు మూసుకుని ఊడిపడ్డాడు.

"పెంటికలకి జొన్నలా? నీ చెత్తంతా నువ్వే ఎత్తుకుపో!" అని నలుగురిలో కసిరాడు.

"మొన్నటి వానకి మట్టిలో కలిసిపోయింది దొరా. పైకి రాగానే ఎత్తుకుపోతా," అన్నాడు బీరయ్య వినయంగా.

"సరే పో," అన్నాడు దొర, పీడ వదిలిందనుకుని.

కోతలనాడు బీరయ్య కొడవలితో దిగాడు. మంద కట్టిన సగంలో జొన్న నిలువెత్తుంది, మిగతా సగంలో మోకాలెత్తే.

"నా పంట కోస్తావురా?" దొర ఉరిమాడు.

"మీ భూమి తనంతట తాను పండించింది అదిగో, ఆ పక్కనుంది దొరా. ఇది నా చెత్త. ఇప్పుడే పైకొచ్చింది."

సాయంత్రానికి దొర ఇంటినుంచి బీరయ్య ఇంటికి రెండు బస్తాలొచ్చాయి. రెండోది, మిగతా సగంలో మంద కట్టమని బయానా.