హాకిం గారి నోటికి కళ్లెం

ఒక్కటి అడుగుతాను, సూటిగా చెప్పండి. ఇంటిపేరు కలిసిందని మీ గాదెలో ధాన్యం ఇంకొకడు ఎత్తుకుపోతే ఊరుకుంటారా?

ఒక కోటలో ఊరుకున్నారు. ఆ కోటను ఏలే హాకింతో మున్షీ అన్నాడు: "హుజూర్! హుకుం, హాకిం, హకీం, మూడూ ఒకే అరబ్బీ ధాతువు బిడ్డలు. హుకుం చేసే హాకిం తమరే గనక, వైద్యం చేసే హకీం కూడా తమరే!"

హాకిం పొంగిపోయాడు. ఆకుమందులిచ్చే రోషన్‌బీ కొట్టుకు తాళం పడింది. దగ్గుతో దర్బారుకు వెళ్లినవాళ్లకు "దగ్గొద్దు!" అని హుకుం. అయినా దగ్గొస్తుంటే అది రోగమో రాజద్రోహమో ఎవరికీ అర్థం కాలేదు.

చివరికి రోషన్‌బీయే దర్బారుకొచ్చింది. "మున్షీజీ, ఆ ధాతువుకు ఇంకా బిడ్డలున్నారా?"

"ఎందుకు లేరు? హకమా ఉంది. అంటే గుర్రం నోట్లో పెట్టే కళ్లెపు ఇనుము," అన్నాడు మున్షీ మీసం దువ్వుతూ.

ఆమె గుమ్మం దగ్గరున్న గుర్రాలవాడి వైపు తిరిగింది. "అన్నా, ఆ కళ్లెం ఇలా తే. హుజూర్, ధాతువు ఒకటైతే అన్నీ తమరివేనట కదా! ఇదీ తమరిదే. నోరు తెరవండి."

హాకిం మున్షీని కొరకొరా చూశాడు. నోరు గట్టిగా మూసుకునే, తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు.

రేపు మీ పని లాక్కోవడానికి ఎవడైనా పెద్ద మాట పట్టుకొస్తే తల ఊపకండి. ఆ మాటకున్న మిగతా బిడ్డల్నీ పిలవమని నిలదీయండి!