ముందు ఈదే పిల్ల

సన్యాసిరావు మాస్టారిని ఏదైనా అడిగితే అక్కడికక్కడ జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. "రేపు పొద్దున్న చూద్దాం" అంటారు. మర్నాడు ఈతకొలను దగ్గర పిల్లలచేత ఏదో ఒకటి చేయించి, జవాబు అందులోనే ఉందన్నట్టు ఊరుకుంటారు. మనకి దొరికితే దొరికినట్టు, లేకపోతే లేదు. ఆయన దగ్గరే ఈత నేర్చి ఆయన కిందే కోచ్‌గా చేరిన దిలీప్‌కి ఈ పద్ధతంటే మహా చిరాకు. అయినా అడగడం మాత్రం మానడు.

మా ఈత క్లబ్బులో ఏటా వార్షికోత్సవం నాడు ఒక నీలం టోపీ ఇస్తారు. పోటీల్లో గెలిచినవాళ్ళకి కాదు, వాళ్ళకి పతకాలు ఎలాగూ వస్తాయి. ఏడాది పొడుగునా అందరికంటే మనసుపెట్టి సాధన చేసిన పిల్లల్లో ఎవరో ఒకరికి ఇస్తారు. ఈసారి ఆ ఎంపిక దిలీప్ నెత్తిన పడింది.

"మాస్టారూ, రోజూ సాధన అయ్యాక అందరికీ టైము తీస్తున్నాను. అందులో రిత్విక్ ముందుంటున్నాడు. జోషిత ఒక్కరోజు కూడా మానదు, కానీ చివరికొచ్చేసరికి చతికిలబడిపోతోంది. నిజంగా కష్టపడేది ఎవరో ఎలా తెలుస్తుంది?" అన్నాడు.

"రేపు పొద్దున్న చూద్దాంలే" అన్నారు మాస్టారు.

ఆ టోపీ మీద ఒక పిల్ల ఈత ఆధారపడి ఉంది. జోషిత పదో తరగతి పూర్తి చేసింది. వాళ్ళమ్మ అరుణకుమారి గారు ఒక మాట ఖాయంగా చెప్పేశారు. ఈ ఏడు క్లబ్బువాళ్ళు గుర్తిస్తే ఊళ్ళోనే ఇంటర్లో చేర్పించి ఈత సాగనిస్తారు, లేదంటే హాస్టలే. ఆ హాస్టళ్ళ సంగతి మీకు తెలియనిదా. స్నానానికే నీళ్ళు చాలవు, ఇక ఈతకెక్కడివి. అలాగని ఆ తల్లిని తప్పు పట్టలేను. తెల్లారకుండా లేచి కూతుర్ని తీసుకొచ్చేది ఆవిడే. ఏడాదంతా ఆ పిల్ల అలసిపోయి బయటికి రావడమే చూశారు, ఒక్కరు మెచ్చుకోగా వినలేదు.

మా దగ్గర పిల్లలు ఒకే లేన్‌లో ఒకరి వెనక ఒకరు ఈదుతారు. ముందున్నవాళ్ళు నీళ్ళు చీల్చుకుంటూ పోవాలి, వేగం తగ్గకుండా చూసుకోవాలి, ఎన్నిసార్లు తిరిగారో గుర్తుంచుకోవాలి. వెనకున్నవాళ్ళు ఆ ఊపులో హాయిగా సాగిపోతారు. జోషిత ఎప్పుడూ ముందే. ఎవరూ నిలబెట్టలేదు, మిగతావాళ్ళు తప్పుకుంటూ రాగా ఆ చోటు ఆమెకి మిగిలింది. దిలీప్‌కి ఇదంతా తెలియక కాదు. రోజూ చూసే సంగతి కంటికి ఆనదు, అంతే.

మర్నాడు మాస్టారు, "జోషితా, ఈవేళ నువ్వు అందరికన్నా వెనక. రిత్విక్, నువ్వు ముందు" అన్నారు.

పిల్ల మొహం చిన్నబోయింది. వెళ్ళి వరస చివర నిలబడింది. మెట్ల మీద కూర్చున్న తల్లి లేచి వచ్చారు.

"వెనక్కి పంపేశారేం మాస్టారూ? ఇక లాభం లేదనా?"

"కాసేపు కూర్చోండమ్మా."

రిత్విక్ దూసుకుపోయాడు. కాసేపటికి వేగం తగ్గింది, తర్వాత గోడ పట్టుకుని ఆగి, "నువ్వెళ్ళరా" అని వెనకవాణ్ణి ముందుకు తోశాడు. వాడూ ఎంతోసేపు నిలవలేదు, ఇంకొకరికి అప్పగించాడు. ఎన్నిసార్లు తిరిగారో లెక్క తప్పి వాదులాట మొదలైంది. చివరికి అందరూ గోడవారకి ఒదిగి, మధ్యలో దారి వదిలి నిలబడ్డారు. జోషిత ఈదుకుంటూ అక్కడికి వచ్చింది.

"అక్కా, నువ్వు ముందెళ్ళు. నువ్వు లేకపోతే మావల్ల కావట్లేదు" అన్నాడు రిత్విక్, రొప్పుతూ.

జోషిత మాస్టారి వైపు చూసింది. ఆయన ఎటో చూస్తున్నారు. ఆ పిల్ల ఈత కళ్ళద్దాలు సవరించుకుని గోడని తన్ని బయల్దేరింది. మిగతావాళ్ళు ఒక్కొక్కరే ఆమె వెనక చేరారు.

అరుణకుమారి గారు నీళ్ళవైపే చూస్తూ, "ముందుండి ఈదడమంటే ఇంత కష్టమా? ఇంటికొచ్చి అన్నం ముందు కునికిపాట్లు పడుతుంటే బద్ధకమనుకున్నాను" అన్నారు. కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. ఆ పూట హాస్టలు మాట ఎత్తలేదు.

దిలీప్ మాస్టారి పక్కకి వచ్చాడు. "టోపీ జోషితకే ఇస్తానండీ. కానీ కమిటీవాళ్ళు ఏం చూసి ఇచ్చావని నన్ను నిలదీస్తే ఏం చెప్పను?"

మాస్టారు తువ్వాలు భుజాన వేసుకున్నారు.

"నిన్నెందుకు అడగడం? వెనక ఈదేవాళ్ళని అడగమను."